చూడకుండా వేసిన స్టిక్కర్

నెలాఖరు వచ్చిందంటే చాలు, ఊళ్ళో తెలుగువాళ్ళందరికీ రాఘవులు గుర్తొస్తాడు. వర్జీనియాలో ఏడాదికోసారి ప్రతి బండినీ తనిఖీ చేయించి, రోడ్డు మీద తిరగడానికి పనికొస్తుందని స్టిక్కర్ వేయించుకోవాలి. ఆ స్టిక్కర్ గడువు నెల చివరి రోజుతో తీరిపోతుంది. ఇరవై అయిదో తారీఖు దాకా మనవాళ్ళు హాయిగా నిద్రపోయి, ఇరవై ఆరున లేచి ఫోన్ చేస్తారు. "అన్నా, మన బండే. కొంచెం చూడవూ," అంటారు. కొంచెం చూడమంటే మరీ ఎక్కువ చూడొద్దని అర్థం. ఆ మాట అర్థం కావడానికి రాఘవులుకి మొదటి ఏడాది సరిపోయింది.

ఏప్రిల్ ఆఖరి మంగళవారం పొద్దున అతను స్టెర్లింగ్‌లో తను పనిచేసే శ్యామ్‌సుందర్ గ్యారేజీలో మూడో కారు తనిఖీ ముగించి చేతులు తుడుచుకుంటుంటే, ఒక మోటార్ సైకిల్ వచ్చి బండ్లు నిలిపి చూసే బే ముందు ఆగింది. ఆకుపచ్చ ట్యాంకు, ఎడమవైపు చిన్న సొట్ట. ఆ సొట్ట అతనికి తెలుసు. నడిపే మనిషే తెలియదు. హెల్మెట్ తీస్తే పాతికేళ్ళు దాటిన అమ్మాయి బయటపడింది.

"గుడ్ మార్నింగ్ అంకుల్. ఇన్‌స్పెక్షన్‌కి తెచ్చిన. నా పేరు వేద. ఇది అచ్యుతరావు అంకుల్ దగ్గర కొన్న, పోయిన జూన్‌లో."

"రోజూ నడుపుతావా అమ్మా?"

"రోజూ. రెస్టన్‌లో ఆఫీస్. హనుమకొండలో మా అన్న బండి నేనే ఎక్కువ నడిపేదాన్ని. ఇక్కడ కార్‌లో కూర్చుంటే నిద్రొస్తది అంకుల్."

ఆమె జాకెట్ జేబులోంచి ప్లాస్టిక్ కవరు తీసి, అందులో మడిచిన కాగితాన్ని జాగ్రత్తగా విప్పి ఇచ్చింది. పోయిన ఏడాది తనిఖీ రసీదు. దాని కింద రాఘవులు సంతకం. తనిఖీ చేసే లైసెన్సు అతనిది, పక్కన ఆ నంబరు.

"కొనేముందు ఇంకో రెండు బండ్లు చూసిన. దీనికి స్టిక్కర్ కొత్తగ ఉండె. మన తెలుగాయన చెక్ చేసిండంటే భయం లేదన్నరు. అందుకే ఇది తీసుకున్న."

రాఘవులు కాగితం తిరిగి ఇచ్చేశాడు.

పోయిన ఏప్రిల్ అతనికి బాగానే గుర్తుంది. ఈ బండి అచ్యుతరావు గారి అబ్బాయిది. అబ్బాయి సియాటిల్ వెళ్ళిపోయాక ఇంటి గరాజ్‌లో పడి ఉంటే, అమ్మేద్దామని పెద్దాయన వ్యాన్‌లో వేయించుకొచ్చాడు. రిటైరైన సైంటిస్టు, గుడి కమిటీలో పెద్ద మనిషి. రాఘవులుకి ఈ ఉద్యోగం ఇప్పించింది కూడా ఆయనే. వెనక గేటులోంచి వచ్చి, ప్రసాదం డబ్బా చేతిలో పెట్టి, "ఎలా ఉన్నావోయ్," అన్నాడు. లోపలి నుంచి శ్యామ్‌సుందర్ కేకేశాడు: "అచ్యుతరావు గారి బండి! స్టిక్కర్ వేసి పంపించెయ్." లైన్‌లో అయిదు కార్లున్నాయి. రాఘవులు హారన్ నొక్కాడు, లైటు వేసి ఆర్పాడు, స్టిక్కర్ అంటించాడు. అంతే. ఆ డబ్బాలో పులిహోర మాత్రం శ్రద్ధగా తిన్నాడు.

ఈసారి అతను బండిని స్టాండెక్కించి వరసగా మొదలుపెట్టాడు. హెడ్‌లైటు, డిమ్ము, ఇండికేటర్లు. ముందు బ్రేకు పట్టినప్పుడూ వెనక బ్రేకు తొక్కినప్పుడూ ఎర్ర లైటు వెలుగుతోందా. టైరు గాడుల్లో గేజి గుచ్చి లోతు చూశాడు. బాగానే ఉంది. ముందు బ్రేకు మళ్ళీ నొక్కాడు. లివర్ మెత్తగా, హ్యాండిల్‌కి దాదాపు ఆనుకునేదాకా వచ్చింది.

"ఇది ఎప్పట్నుంచి ఇలా ఉందమ్మా?"

"కొన్నప్పటి నుంచి గంతే అంకుల్. పాత బండి కదా, అట్లనే ఉంటదనుకున్న."

హ్యాండిల్ ఎడమకి తిప్పి, కుడికి తిప్పాడు. ముందు ఫోర్కుకి నల్లదారంతో కట్టిన ఎండు నిమ్మకాయ, రెండు మిరపకాయలు, బ్రేకుకి ద్రవం వెళ్ళే రబ్బరు హోసుకి అడ్డం పడ్డాయి. బండికి పూజ చేసి కట్టింది.

"ఇది విప్పొచ్చా అమ్మా?"

"విప్పండి. అమ్మ వీడియో కాల్‌లో చూస్తుంటే కట్టిన."

రాఘవులు చేతులు ఇంకోసారి తుడుచుకుని దారం విప్పి, నిమ్మకాయని బెంచీ మీద పక్కన పెట్టాడు. దారం ఉన్నచోట బ్రేకు హోసుకి నల్ల టేపు చుట్టి ఉంది. ఇది అమ్మాయి చుట్టింది కాదు. టేపు ఎండి చెక్కలా అయిపోయింది, అంచుల దగ్గర జిగురు బంకలా కారి మట్టి పట్టింది. ఎన్నో ఏళ్ళ నాటిది. గోటితో పీకితే పెళ్ళలుగా ఊడొచ్చింది. లోపల రబ్బరు పగిలి, కింద అల్లిన దారపు పొర కనిపిస్తోంది. లివర్ నొక్కితే ఆ చోట హోసు బుడగలా ఉబ్బి, ఒక చుక్క ద్రవం అతని వేలి మీదికి జారింది.

పోయిన ఏడాది ఒక్కసారి హ్యాండిల్ తిప్పి ఉంటే కనపడేది.

"అయిందా రాఘవులూ? టూవీలర్‌కి అంత టైమా? లైన్‌లో ఆరు కార్లున్నయ్!" అని శ్యామ్‌సుందర్ ఆఫీసు గదిలోంచి అరిచాడు.

రాఘవులు లేచి ఫారం తీసుకున్నాడు. "హోసు పోయిందమ్మా. రిజెక్ట్ చెయ్యాలి. పదిహేను రోజులు టైమిస్తారు. పార్టు శుక్రవారం వస్తుంది, నేనే వేస్తాను."

"రిజెక్టా?" వేద వంగి చూసింది. పగిలిన రబ్బరుని వేలితో తడిమింది. తరవాత తలెత్తి మామూలుగానే అడిగింది: "పోయినేడు బాగనే ఉండెనా అంకుల్?"

అడిగిన దాంట్లో అనుమానం లేదు. అదే అతన్ని ఇరకాటంలో పెట్టింది. అనుమానించి ఉంటే బుకాయించడం తేలిక.

"రబ్బరు కదమ్మా. ఏడాదిలో పోతుంది," అన్నాడు.

ఆమె నమ్మింది. రిజెక్ట్ అయిన బండికి వేసే గులాబీ రంగు స్టిక్కర్ అంటించుకుని, నిమ్మకాయని జేబులో వేసుకుని హెల్మెట్ పెట్టుకుంది. బండి ఇక్కడే వదిలెళ్ళమనే మాట రాఘవులు నోటిదాకా వచ్చింది. అంత ప్రమాదమైతే పోయిన ఏడాది ఎలా పాస్ చేశావని అడుగుతుంది. "ముందు బ్రేకు ఎక్కువ వాడకమ్మా. మెల్లిగా వెళ్ళు," అని మాత్రం అన్నాడు.

బండి రోడ్డెక్కింది. రాఘవులు బే బయటికొచ్చి నిలబడ్డాడు. రెండొందల గజాల అవతల సిగ్నల్ ఎర్రబడింది. వెనక లైటు వెలిగింది. బండి ఆగింది. ఊపిరి పీల్చుకున్నాడు గానీ, ఆ సిగ్నల్ తరవాత రెస్టన్ దాకా ఇంకా ఎన్నున్నాయో లెక్క తెలిసినవాడు కాబట్టి అది పూర్తిగా లోపలికి పోలేదు.

ఇంట్లో ఆ సాయంత్రం అన్నం ముందు కూర్చుని మెతుకులు కెలుకుతుంటే సుబ్బులు కనిపెట్టేసింది. భర్త కంచంలో చెయ్యి ఆగిందంటే ఆమెకి సగం కథ తెలిసినట్టే. మిగతా సగం అడిగి రాబట్టింది.

"చెప్పకండి," అంది. "కొత్త హోసు వేస్తున్నారుగా. ఇంకేం కావాలి? చెప్పారంటే లైసెన్సు పోద్ది. ఆ లైసెన్సు లేకపోతే ఈ దేశంలో మనకేం చేతనవును?"

"శుక్రవారం దాకా దాని మీదే తిరుగుద్ది సుబ్బులూ."

"పది నెలలు తిరిగింది. మూడు రోజులు తిరగదా?"

అతనికి ఆమె మీదే కోపమొచ్చి, పెరుగు వేసుకోకుండా లేచిపోయాడు.

బుధవారం తెల్లారేసరికి వాన. మెత్తటి వాన కాదు, రోడ్డు మీద నీళ్ళు నిలబడే వాన. రాఘవులు ఎనిమిదింటికి ఫారం మీదున్న నంబరుకి ఫోన్ చేశాడు. వేద ఎత్తలేదు. తొమ్మిదింటికి చేశాడు, మెసేజ్ పెట్టమంది మిషను. ఏం పెట్టాలో తెలియక కట్ చేశాడు. పదింటికి ఒకాయన కారు హెడ్‌లైట్లు చూస్తూ, ఎడమది చూశాడో లేదో మరిచిపోయి మళ్ళీ చూశాడు. ఎక్కడో దూరంగా సైరన్ వినపడితే స్పానర్ పట్టుకున్న చెయ్యి గాల్లో ఆగిపోయింది. అది ఏ ముసలమ్మ కోసం వెళ్తున్న అంబులెన్సో, కానీ ఆ రోజు అతనికి ఊళ్ళో సైరన్లన్నీ ఒకే బండి కోసం మోగుతున్నట్టున్నాయి. మధ్యాహ్నం క్యారేజీ మూత తీసి, మళ్ళీ పెట్టేశాడు.

"ఏంది రాఘవులూ, ఒంట్లో బాలేదా?" అన్నాడు శ్యామ్‌సుందర్.

"బానే ఉందండి."

అయిదున్నరకి పని దిగి ఇంటికి పోకుండా ఫారం మీదున్న అడ్రసుకి పోయాడు. యాష్‌బర్న్‌లో అపార్ట్‌మెంట్లు. వాన తగ్గి ఎండ పడుతోంది. కారులోంచి దిగి పార్కింగ్ అంతా కళ్ళతో వెతికాడు. ఆకుపచ్చ ట్యాంకు లేదు. పావుగంట, అరగంట నిలబడ్డాడు. కుక్కల్ని తిప్పేవాళ్ళు ఎవరో కొత్త మనిషని తిరిగి తిరిగి చూశారు. ఎన్నడూ దేవుణ్ణి విసిగించని మనిషి ఆ అరగంటలో వెంకటేశ్వరస్వామిని పేరు పెట్టి పిలిచాడు.

ఆరుంపావుకి బండి చప్పుడు వినపడింది. వేద తడిసిన రెయిన్ కోటుతో వచ్చి ఆగింది.

"అంకుల్! మీరేంది ఇక్కడ? మీ మిస్డ్ కాల్స్ ఇప్పుడే చూసిన. పొద్దున నుంచి మీటింగ్స్."

"బండి తాళం ఇవ్వమ్మా," అన్నాడు రాఘవులు.

"ఎందుకు?"

"ఇంక దాని మీద ఎక్కొద్దు. ఆ హోసు ఎప్పుడైనా తెగుద్ది. తెగితే ముందు బ్రేకుండదు."

"నిన్న ఎందుకు చెప్పలే?"

అతను ట్యాంకు మీద సొట్టని చూస్తూ చెప్పాడు. "పోయిన ఏడాది నేను చూళ్ళేదమ్మా. హారన్ కొట్టి స్టిక్కరేశాను. అచ్యుతరావు గారి బండని. ఆ టేపు ఎప్పట్నుంచో ఉంది, ఆయనకి కూడా తెలిసుండదు. నిన్న నీకు అబద్ధం చెప్పాను."

వేద హెల్మెట్ విప్పి రెండు చేతులతో పట్టుకుంది. పక్కనుంచి ఎవరో పిల్లలు స్కూటర్లు తోసుకుంటూ పోయారు.

"నేను డల్లెస్ హైవే మీద అరవై మైళ్ళ స్పీడ్ల పోత అంకుల్," అంది చివరికి. "పోయిన నెల ఒక ట్రక్కు సడన్ బ్రేక్ వేసింది. రెండు బ్రేకులు గట్టిగ పట్టిన. ఆగింది. ఆగకపోతే?"

"తెలుసమ్మా."

"తెల్వదు మీకు." అంది కోపంగా. "ఆ కాగితం ప్లాస్టిక్ కవర్‌లో పెట్టుకున్న నేను. మీ సంతకం జూసి."

తాళం అతని చేతికివ్వలేదు. జేబులో వేసుకుని, బండిని తాళం కూడా వేయకుండా వదిలేసి లోపలికి వెళ్ళిపోయింది. రాఘవులు ఆ తడి బండి పక్కన ఇంకాసేపు నిలబడి, హ్యాండిల్ లాక్ చేసే వీలు లేక, ఊరికే ఒకసారి సీటు మీద చెయ్యి వేసి వచ్చేశాడు.

గురువారం పొద్దున శ్యామ్‌సుందర్ గేటు దగ్గరే ఎదురొచ్చాడు. ముఖం ఎర్రగా ఉంది.

"బుద్ధుందా నీకు? ఆ పిల్ల అచ్యుతరావు గారికి ఫోన్ చేసి కడిగిందంట. ఆయన నాకు చేసిండు. ఆయనకి ఏం చెప్పాలో తెలియక సారీ చెప్పిన. హోసు మార్చి ఊరుకుంటే అయిపోయేది గదా! నిన్ను ఎవరైనా అడిగిండ్రా?"

"అడిగిందండి. మంగళవారం అడిగింది."

"ఆ పిల్ల కంప్లైంట్ ఇస్తే స్టేట్ పోలీస్ ట్రూపర్ వస్తడు. నీ లైసెన్సు పోతది, నా ఇన్‌స్పెక్షన్ స్టేషన్ పోతది. ఇద్దరం కలిసి గుడి ముందు కూర్చోవాలె."

"మీరు వెయ్యమన్నారు, నేను వేశాను. చూడాల్సింది నేను. తప్పు నాదేలెండి."

ఆ మాటతో శ్యామ్‌సుందర్ కోపం తగ్గాల్సింది, ఇంకా పెరిగింది. "శనివారం దాకా చెయ్యి. సోమవారం నుంచి రావద్దు," అనేసి లోపలికి వెళ్ళిపోయాడు. కాసేపాగి తనే కాఫీ తెచ్చి బెంచీ మీద పెట్టి పోయాడు. చెడ్డమనిషి కాదు. భయపడ్డ మనిషి.

శుక్రవారం హోసు వచ్చింది. రాఘవులు పెట్టె విప్పి, కొలత సరిచూసి, పైన 'వేద' అని రాసి అరలో పెట్టాడు. ఆ రోజు వచ్చిన బండ్లన్నీ, చక్రం విప్పాల్సిన చోట విప్పి చూశాడు. ఎవరో "అన్నా, మనదే," అంటే, "మనదే గాబట్టి చూస్తున్నా," అన్నాడు. మధ్యాహ్నం ఎదురు పెట్రోల్ బంకులో పోలీసు కారు ఆగింది. అందులోంచి టోపీ పెట్టుకున్న ట్రూపర్ దిగి, రోడ్డు ఇటువైపు చూశాడు. రాఘవులు కారు కిందే ఉండిపోయాడు. చెమట కంట్లోకి కారుతున్నా తుడుచుకోలేదు. ట్రూపర్ కాఫీ కప్పుతో కారెక్కి వెళ్ళిపోయాడు. వేద రాలేదు, ఫోన్ చేయలేదు.

శనివారం ఏడున్నరకి రాఘవులు షట్టర్ ఎత్తడానికి వచ్చేసరికి బయట బండ్లున్నాయి. ముందు ఒక పికప్ ట్రక్కు, దాని మీద తాళ్ళతో కట్టిన ఆకుపచ్చ మోటార్ సైకిల్. వెనక రెండు కార్లు, ఇంకో మోటార్ సైకిల్. ట్రక్కు పక్కన వేద చేతులు కట్టుకుని నిలబడి ఉంది.

"ఇవి మా అపార్ట్‌మెంట్‌లోవి," అంది పలకరింపు లేకుండా. "అన్నిటి మీద మీ స్టిక్కరే. నేను పార్కింగ్‌లో తిరిగి ఒక్కొక్కరిని అడిగిన. ఇప్పుడు మీరు చెప్పండి. వీటిల్ల చూసినవెన్ని? చూడనివెన్ని?"

జేబులోంచి ఫోన్ తీసి అతని ముందు పట్టుకుంది. తెర మీద కంప్లైంట్ ఫారం. అతని పేరు, నంబరు, తేదీ అన్నీ నింపి ఉన్నాయి. "ఇంకా పంపలే. ఇవన్నీ అయినంక ఆలోచిస్త."

రాఘవులు షట్టర్ సగంలోనే వదిలేసి వరస పక్కన నడిచాడు. తెల్ల కారు దగ్గర ఆగాడు. "ఇది చూశాను. వెనక బ్రేకు ప్యాడ్లు కూడా నేనే మార్చాను." నల్ల కారు దగ్గర ఎక్కువసేపు ఆగాడు. లోపల కూర్చున్నావిడ అద్దం దించింది. "ఇది లైట్లే చూశానండి. కింద చూళ్ళేదు. ఆ రోజు మంచు పడుతోంది." రెండో మోటార్ సైకిల్ కుర్రాడికేసి తిరిగి, "నీది చూశాను నిశాంత్. గొలుసు వదులుందని చెప్పాను, బిగించావా?" అన్నాడు. నిశాంత్ తల గీక్కున్నాడు.

శ్యామ్‌సుందర్ కారు దిగి ఈ వరసని చూసి అక్కడే నిలబడిపోయాడు. సరిగ్గా అప్పుడే వెనక గేటు వైపు నుంచి వెండి రంగు కారొకటి నెమ్మదిగా లోపలికి వచ్చింది. అచ్యుతరావు గారు. పక్క సీటులో ఆయన భార్య ఆండాళ్ గారు, మోచేతికి పట్టీ. వారానికి మూడుసార్లు ఆమెని డయాలసిస్‌కి తీసుకెళ్ళేది ఈ కారులోనే.

శ్యామ్‌సుందర్ ఎదురు పరుగెత్తాడు. "రండి సార్, మీరెందుకొచ్చిండ్రు, నేనే వచ్చేవాణ్ణి గదా."

పెద్దాయన కారు దిగి, అతన్ని దాటుకుని రాఘవులు దగ్గరికి వచ్చాడు. ఈసారి చేతిలో డబ్బా లేదు.

"ఆ టేపు మావాడే చుట్టాడట, కాలేజీ రోజుల్లో. నిన్న ఫోన్లో అడిగితే నవ్వాడు. నాకు తెలీదయ్యా," అని వేద వైపు ఒకసారి చూసి, మళ్ళీ రాఘవులు వైపు తిరిగాడు. "నా కారు నాలుగేళ్ళుగా నీ దగ్గరికే తెస్తున్నాను. ఇదెప్పుడైనా చూశావా?"

ఈ మనిషి ఇప్పించిన ఉద్యోగం. ఈ మనిషి ముందు అతనెప్పుడూ కూర్చోలేదు. కారు బానెట్ ఎత్తితే అనుమానించినట్టుంటుందని ఎత్తలేదు. ఊళ్ళో అందరి బండ్లలోనూ ఏదో ఒకటి, ఎప్పుడో ఒకప్పుడు చూశాడు.

"లేదండి," అన్నాడు. "మీది ఒక్కసారి కూడా చూళ్ళేదు."

అచ్యుతరావు గారు కారు వైపు చూశారు. లోపల ఆండాళ్ గారు పట్టీ సరిచేసుకుంటూ, వీళ్ళేం మాట్లాడుకుంటున్నారో తెలియక చిన్నగా నవ్వి చెయ్యి ఊపారు. ఆయన చెయ్యి పైకి లేవలేదు.

"సార్, ముందు మీది చూపిస్త, బే ఖాళీగుంది," అన్నాడు శ్యామ్‌సుందర్.

"వద్దు." పెద్దాయన కారెక్కి, వెనక్కి తీసి, గేటు చుట్టూ తిప్పుకుని వచ్చి నిశాంత్ బండి వెనక వరసలో ఆపి ఇంజను కట్టేశాడు.

శ్యామ్‌సుందర్ కాసేపు అటూ ఇటూ చూశాడు. తరవాత వెళ్ళి రెండో బే షట్టర్ తనే ఎత్తాడు. సోమవారం గురించి ఏమీ అనలేదు.

మోటార్ సైకిల్‌ని నలుగురు కలిసి ట్రక్కు మీంచి దించారు. రాఘవులు పాత హోసు విప్పి, కొత్తది బిగించి, ద్రవం పోసి, కింద బోల్టు దగ్గర మోకాళ్ళ మీద కూర్చున్నాడు. హోసులో గాలి పోవాలంటే పైన ఒకరు లివర్ పట్టాలి.

"కొంచెం సాయం పట్టమ్మా," అన్నాడు తలెత్తకుండా. "నేను నొక్కమన్నప్పుడు నొక్కి పట్టుకో. వదలమనేదాకా వదలకు."

వేద ఫోన్ జేబులో పెట్టుకుని వచ్చి లివర్ పట్టుకుంది.

"నొక్కు."

బుడగలు వచ్చాయి. బోల్టు బిగించాడు.

"వదులు. మళ్ళీ నొక్కు."

పన్నెండుసార్లో పదిహేనుసార్లో చేశారు. మెల్లిగా బుడగలు తగ్గాయి. ఒకచోట వేద లివర్ నొక్కబోయి ఆగింది. మళ్ళీ నొక్కింది. అది సగం దూరంలోనే గట్టిగా ఆగిపోయింది.

"ఇట్లుంటదా బ్రేకంటే?" అంది.

"ఇట్లాగే ఉండాలి."

ఆమె ఇంకో మూడుసార్లు నొక్కి చూసింది. కంప్లైంట్ పంపుతుందో పంపదో అతను అడగలేదు. హ్యాండిల్ ఆ చివర నుంచి ఈ చివరకి తిప్పి, టార్చి వేసి హోసు పొడుగునా చూశాడు. మొత్తం తనిఖీ మళ్ళీ మొదట్నుంచి చేశాడు. ముప్పావుగంట పట్టింది. బయట ఎవరూ హారన్ కొట్టలేదు. గులాబీ స్టిక్కర్ గీకేసి, కొత్తది అంటించి, రసీదు మీద సంతకం పెట్టి ఇచ్చాడు.

వేద ఆ కాగితాన్ని ప్లాస్టిక్ కవర్‌లో పెట్టలేదు. మడిచి జేబులో వేసుకుంది. బండిని పక్కకి తోసుకుపోయి, ఇంటికి వెళ్ళకుండా బెంచీ మీద కూర్చుంది.

రాఘవులు టార్చి తుడుచుకుని బయటికొచ్చాడు. "తరవాతది రానివ్వండి," అన్నాడు.